వెనక సీట్లో హోరు

కారు వెనక తలుపుకి అద్దం దగ్గరుండే రబ్బరు ఎండి పగిలిపోయింది. రోడ్డెక్కితే చాలు, చెవులు దిమ్మెత్తే హోరు. ఇన్నాళ్ళూ దాన్ని పట్టించుకోని అల్లుడుగారికి, అత్తగారు ప్రయాణం కట్టిందని తెలియగానే ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. తన తమ్ముడి ఇంటికి వెళ్ళిపోతానని ఆవిడే అంది. అది ఇరుకిల్లు, పడక ముందుగదిలో నేలమీదే. అయినా సరేనంది. స్టేషన్‌కి తీసుకెళ్ళేటప్పుడైనా ఆవిడ చెవిలో గాలి కొట్టకూడదని ఈయన కొత్త రబ్బరు కొనుక్కొచ్చాడు. మంచిపేరు అంత చవగ్గా వస్తుంటే ఎవరు మాత్రం వదులుకుంటారు?

అసలు సంగతి కిందటి ఆదివారానిది. ఆవిడని కంటి ఆసుపత్రిలో చూపించి తీసుకొస్తూ, ఆ హోరులో వెనక సీటుకి వినపడదులే అని, అతను భార్యతో ఒక మాటన్నాడు.

"మీ అమ్మ ఇంకెన్నాళ్ళుంటుంది? నా ఇంట్లో నేనే పరాయివాణ్ణయిపోయాను."

భార్య మొహం అటు తిప్పుకుంది. ఇల్లు చేరి కారు దిగుతూ, ఎవరూ అడక్కుండానే అత్తగారు, దారంతా ఒకటే హోరు బాబూ, ఒక్క ముక్కా వినపడలేదు అంది. అల్లుడు హమ్మయ్య అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

గాలి ఎక్కడినుంచి దూరుతోందో ముందు తేల్చుకోవాలి కదా. భార్యకి స్టీరింగ్ అప్పగించి, తను అత్తగారు కూర్చునే చోటే కూర్చుని అద్దానికి చెవి ఆనించాడు. హోరు అక్కడినుంచే. ముందు సీట్లో భార్య, ఇతనికెలాగూ వినపడదులే అన్నట్టు, తనలో తనే గొణుక్కుంది.

"పంపించేసేటప్పుడు మర్యాదలకేం లోటు లేదు."

పొల్లుపోకుండా వినిపించింది.  అద్దం దగ్గర్నుంచి చెవి తీసి, ఇక్కడికి అన్నీ వినపడతాయా అని అడిగాడు.

"అమ్మని అడుగు" అంది భార్య.

ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? ఇంటిముందు కారు ఆగాక, హ్యాండిల్ వెనకున్న స్క్రూలు విప్పి, తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. కంగారులో ఒక క్లిప్పు పుటుక్కున విరిగింది. పాత రబ్బరు వేళ్ళకి నల్లగా అంటుకుంటూ ముక్కలు ముక్కలుగా వచ్చింది. కొత్తది గాడిలోకి దిగనని మొండికేసింది. అంతలో అత్తగారు మగ్గుతో సబ్బునీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, ఇది రాస్తే జారుతుందేమో చూడమంది. నిజంగానే జారింది. అతను మాత్రం సిగ్గుతో చచ్చిపోయాడు. ఆవిడ లోపలికి వెళ్ళేదాకా తలెత్తలేదు.

సాయంత్రం స్టేషన్‌కి బయల్దేరారు. సూట్‌కేసు డిక్కీలో, అత్తగారు వెనక, భార్య ముందు అతని పక్కన. కారులో చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది. ఆ హోరున్నప్పుడే నయమనిపించింది అతనికి, కనీసం దాని చాటున దాక్కోవచ్చు. స్టేషన్ మలుపు కనబడ్డాక, ఇక ఆలస్యమైతే అసలే రాదని, నోరు పెగల్చుకున్నాడు.

"అత్తయ్యగారూ, వెళ్ళకండి. ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది. మనింట్లోనే ఉండండి."

అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఆవిడ కిటికీ అంచున కొత్త రబ్బరుని వేలితో నిమురుతోంది. ఆదివారం కారు దిగినప్పటి గొంతుతోనే, అంతే మెత్తగా అంది.

"ఒకటే హోరు బాబూ. ఒక్క ముక్కా వినపడలేదు."