చేర్చుకోండి అనే మాట

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ తిరగబడి నా తమ్ముడు అయ్యప్ప పోయిన రోజు, నేను మచిలీపట్నంలో తొమ్మిదో తరగతి వాళ్లకు తెలుగు పరీక్ష పెడుతున్నాను. ఫోను సంచిలో ఉంది. బెల్లు కొట్టి, పేపర్లు కట్ట కట్టాక తీసి చూశాను. పడవలో ఐదుగురు వెళ్లారు. నలుగురు ఈదుకుంటూ వచ్చారు. మర్నాడు వాణ్ణి కెరటాలే ఒడ్డుకు తెచ్చాయి.

అమ్మా నాన్నా ముందే పోయారు. వాడికి పెళ్లి కాలేదు. ఇంటి తరఫున మిగిలింది నేనొక్కదాన్నే. ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి కృత్తివెన్ను దిగువనున్న మా ఊరికి నేను చుట్టపుచూపుగా వెళ్లే మనిషిని. ఇంటి తరఫున నిలబడాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

పెద్దదినం అయిన కొన్నాళ్లకు పెద్దిరాజు బాబాయ్ బందరు వచ్చాడు. ఆ పడవ నడిపే సరంగు ఆయనే. ఆ రోజు ఈది వచ్చిన నలుగురిలో ఒకడు. బాబాయ్ అనేది ఊరి వరస. కుర్చీ వేస్తే కూర్చోలేదు, వరండా మెట్టు మీదే కూర్చున్నాడు.

"మనిషి దొరికాడమ్మా. తాతారావని, నాగాయలంక అవతల వాళ్లది. కుదురైనోడే. నువ్వొచ్చి మాట చెప్తే వల కట్టుకుని వేటకెళ్తాం."

ఆ మాట ఏమిటో నాకు తెలుసు. సముద్రంలో పోయినవాడి చోటులోకి మా ఊళ్లో జట్టు తనంతట తాను ఎవరినీ తీసుకోదు. పోయినవాడి ఇంటి మనిషి ఒడ్డుకు వచ్చి, పడవ మీద చెయ్యి వేసి, కొత్తవాణ్ణి పేరుపెట్టి పిలిచి, "చేర్చుకోండి" అనాలి. అంతవరకూ ఆ పడవ ఇసుక మీదే ఉంటుంది.

"నాకు ఈ పట్టింపులు లేవు బాబాయ్. మీకు నచ్చినవాణ్ణి పెట్టుకోండి" అన్నాను.

"నీకు లేకపోవచ్చమ్మా. ఎక్కేది మేం కదా."

ఆదివారం వస్తానన్నాను.

ఆ వారం ఎనిమిదో తరగతిలో క్రియలు చెప్పాలి. ఏటా చెప్పేదే చెప్పాను. చేరడం మన పని. చేర్చడం వేరొకరి పని. చేర్చుకోవడం మాత్రం లోపల ఉన్నవాళ్ల పని. తలుపు బయట నిలబడ్డవాడు ఎంత మంచివాడైనా తనను తాను చేర్చుకోలేడు. సొంతవాక్యాలు చెప్పమన్నాను.

"బిర్యానీలో పుదీనాను చేర్చుకోవాలి టీచర్" అన్నాడు సుహైల్.

"ఎందుకురా, అది వచ్చి నిన్ను బతిమాలిందా?" అంది సబీహా. క్లాసంతా నవ్వింది.

తర్వాత రేష్మా లేచింది. "మా అబ్బా పోయాక మామూ వాళ్లు మమ్మల్ని ఇంట్లో చేర్చుకున్నారు."

"సరైన ప్రయోగం. కూర్చో" అన్నాను. ఆ పిల్లతో అంతకంటే ఇంకేదైనా అనాల్సింది.

ఆదివారం బంటుమిల్లి మీదుగా బస్సులో వెళ్లాను. జట్టు నలుగురూ పడవ దగ్గరే ఉన్నారు. పక్కనే తాతారావు. తల తడిపి దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అప్పటికే కొన్నాళ్లుగా బాబాయ్ ఇంట్లోనే తింటున్నాడు.

"టీచరమ్మ వచ్చింది, గోళ్లు దాచుకోండ్రా" అన్నాడు ధనరాజు, జట్టులో చిన్నవాడు.

"నీ గోళ్లకేమొచ్చె, ముందు నీ నోరు దాచు" అంది బాబాయ్ భార్య గంగాదేవి.

పడవ అంచు ఎండకు కాలుతోంది. చెయ్యి వేశాను. "తాతారావూ" అని పిలిచాను. అతను ఒక అడుగు ముందుకు వచ్చాడు. అక్కడి వరకూ సరిగ్గానే చేశాను.

"నీకు ఈత వచ్చా?" అని అడిగాను.

"వచ్చండి."

"మా తమ్ముడికీ వచ్చు."

అది నేను తాతారావుతో అన్న మాట. కానీ ఈది వచ్చిన నలుగురూ అక్కడే నిలబడి ఉన్నారు. ధనరాజు తల పక్కకు తిప్పుకున్నాడు. బాబాయ్ తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఊపిరి ఉన్నంతసేపూ వెతికామమ్మా" అన్నాడు.

తెలుసు అనాల్సింది.

తాతారావే మాట్లాడాడు. "నేను ఆయన చోటు కావాలని రాలేదండీ టీచర్ గారూ. పని కోసం వచ్చాను."

నేను పడవ మీంచి చెయ్యి తీసేశాను. "మీ ఇష్టం" అని, వచ్చిన దారినే నడిచాను.

గంగాదేవి బస్సు దాకా వెంట వచ్చింది. బస్సు కనిపించాక అంది, "మా ఆయన్ని చెంప మీద కొట్టినా పడేవాడే ఇందిరా. బతికి రావడమే తప్పన్నట్టు మాట్లాడావు."

"అలా అనలేదు పిన్నీ."

"అనకపోతే వెనక్కి రా. ఆ ఒక్క మాటా అనేసి పో. ఇంకో బస్సుంది."

నేను బస్సెక్కాను.

సీటు దొరికాక ఆలోచించాను. ఆ మాట అననంతవరకూ పడవలో ఆ చోటు అయ్యప్పదే. అన్న క్షణం నుంచి తాతారావుది. అందుకే నోరు రాలేదని సరిపెట్టుకోవచ్చు, విన్నవాళ్లు జాలిపడతారు కూడా. అది నిజమే కానీ మొత్తం నిజం కాదు. ఎన్నడూ నాతో పనిలేని ఊరు ఒక మాట కోసం నా మొహం వైపు చూస్తూ నిలబడటం నాకు బాగుంది. తమ్ముడు పోతే వచ్చిన పెద్దరికం అది. దాన్ని వదులుకోబుద్ధి కాలేదు.

మర్నాడు స్టాఫ్ రూంలో లతీఫా అడిగింది. గుడివాడ నుంచి రైల్లో వచ్చి పోయే టీచరు. అయ్యప్ప పోయిన దగ్గర్నుంచి నాకూ కలిపి డబ్బా తెస్తోంది.

"ఊళ్లో పని అయిందా అక్కా?"

"అయింది" అన్నాను.

"మంచిదక్కా. వాళ్లకూ తిండి దొరకాలి కదా" అని నా ప్లేటులో ఇంకో చపాతీ వేసింది. తిన్నాను.

పడవ ఇసుక మీదే ఉంది. జట్టు నలుగురూ కృత్తివెన్నులో రొయ్యల చెరువుల మీద కూలికి వెళ్తున్నారు. తాతారావు కొన్నాళ్లు చూసి నాగాయలంక వెళ్లిపోయాడు. ఊరికే కూర్చుని ఒకరింట్లో తినడానికి సిగ్గుగా ఉందన్నాడట. బాబాయ్ ఆదివారాలు ఫోన్ చేస్తాడు. తిన్నావా అంటాడు, ఒంట్లో ఎలా ఉందంటాడు. ఆ సంగతి మాత్రం ఎత్తడు. నేనూ ఎత్తను.

నాగాయలంక వెళ్లి తాతారావును పిలుచుకురావాలి. పడవ మీద చెయ్యి వేసి ఆ మాట అనాలి. అంతకంటే ముందు, ఈది వచ్చిన ఆ నలుగురితో మీ తప్పు లేదని చెప్పాలి. ఇప్పటికి ఏదీ చెయ్యలేదు.