పేషెంట్ కుర్చీ

ఇప్పపువ్వు లడ్డూల డబ్బా ఆ ఆదివారం మరియ బల్ల మీదికి రాలేదు. క్లాసుకు వచ్చే బతుకమ్మ దాన్ని తిన్నగా తీసుకుపోయి కొత్త టీచరు ఆరాధన ముందు పెట్టింది.

“తిను బిడ్డా. భద్రాచలం నుంచి మా తమ్ముడు తెచ్చిండు,” అంటూ మూత కూడా తనే తీసింది.

హాజరు పిలుస్తున్న మరియ ఒక పేరు దగ్గర ఆగిపోయింది. నిన్నమొన్నటి దాకా ఆ డబ్బా మూత తెరుచుకున్నది తన ముందే.

కొత్తగూడెంలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్ల పక్కన, చర్చి వెనక హాల్లో నడిచే క్లాసు అది. ఆసుపత్రుల్లో పేషెంట్లను చూసుకునే పనికి పోదామనుకునే ఆడవాళ్లకు ఒక స్వచ్ఛంద సంస్థ వారం వారం అక్కడ ఇంగ్లిష్ మాటలు నేర్పిస్తోంది. మొదటినుంచీ టీచరు మరియే. తండ్రి జకర్యా బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. తను నేర్చుకున్నట్టే నేర్పేది. బోర్డు మీద మాట రాయడం, అందరి చేతా అనిపించడం, రానివాళ్ల చేత మళ్లీ అనిపించడం. క్లాసులో సూది పడితే వినిపించేది. దాన్ని మరియ మర్యాద అనుకునేది.

తర్వాత మధిర నుంచి రెండో టీచరుగా ఆరాధన వచ్చింది. వచ్చీ రాగానే హాలు మధ్యలో ఒక కుర్చీ వేసి, దానికి పేషెంట్ కుర్చీ అని పేరు పెట్టింది. ఒకరు చీటీ తీసి, అందులో ఉన్న జబ్బు తమకే వచ్చినట్టు ఆ కుర్చీలో కూర్చోవాలి. మిగతావాళ్లు ఇంగ్లిష్‌లో ప్రశ్నలు వేసి, ఆ జబ్బేదో కనిపెట్టి పేరు చెప్పాలి. ఎవరు ముందు చెబితే వాళ్లే తర్వాతి పేషెంటు. ఇంతే ఆట. దానికే హాలు సంతలా అయిపోయింది. నోరు మెదపని వాళ్లు సైతం “యూ హావ్ మలేరియా!” అని అరిచారు, కుర్చీలోకి వచ్చి వణికి చూపించారు.

“మరియక్కా, నువ్వు సుత ఓ చీటీ తియ్యరాదు?” అంది తిరుమల. క్లాసందరిలోకీ వాగుడుకాయ ఆమె. “ఎప్పుడు చూసినా ఆ బోర్డునే పట్టుకోని నిలవడతవ్. అదేమన్న పడిపోతదా?”

అందరూ నవ్వారు. ఆరాధన మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల నవ్వకపోవడమే మరియకు ఎక్కువ మండింది.

మంటకు ఇంకో కారణం కూడా ఉంది. ఆ సెంటరులో ఒక్క టీచరునే పర్మనెంట్ చేస్తామని సంస్థ చెప్పింది. సంస్థ నుంచి మురళీకృష్ణ సార్ వచ్చి ఇద్దరి పాఠాలూ చూసి, ఎవరో ఆ రోజే తేలుస్తారు. ఉద్యోగం తనదేనని మరియ ఇంట్లో ఎప్పుడో చెప్పేసుకుంది. జకర్యా దాన్ని చర్చిలో పదిమందికి చెప్పుకున్నాడు.

గురువారం ఆరాధన ఆమె దగ్గరికి వచ్చింది.

“అక్కా, సార్ శనివారం పొద్దున వస్తారంట. మనం ఆదివారాలు ఆడిన ఆటే ఆడిద్దామనుకుంటున్నాను. షుగరు, టీబీ, పక్షవాతం లాంటి పెద్ద జబ్బులు పెడతాను. నీకేమనిపిస్తుంది?”

శనివారం పొద్దున. అంటే ఫస్ట్ షిఫ్ట్, మగవాళ్లు బాయిలో ఉండే వేళ.

ఆ క్వార్టర్ల ఆడవాళ్లకు ఒక పట్టింపు ఉంది. ఇంటి మనిషి బాయిలోకి దిగి, మళ్లీ పైకి వచ్చేదాకా జబ్బు పేరు గానీ దెబ్బ పేరు గానీ నోట తియ్యరు. పిల్లవాడి ఒళ్లు పెనంలా కాలుతున్నా “పిల్లగాడు పండుకున్నడు” అంటారే తప్ప జ్వరమనరు. చర్చికి పోయేవాళ్లదీ అదే తీరు, గుడికి పోయేవాళ్లదీ అదే తీరు. చిన్నప్పుడు, తండ్రి షిఫ్టులో ఉండగా “పన్ను నొస్తుందే” అన్నందుకు మరియ నోటి మీద వాళ్లమ్మ ఒక్కటిచ్చింది. ఆదివారం బాయికి సెలవు కాబట్టి ఆట సాగింది. వరి పొలాల మధ్య పెరిగిన మధిర పిల్లకు ఇదంతా ఎలా తెలుస్తుంది?

“పెట్టు,” అంది మరియ. “మంచిగుంటది.”

ఆ పూట ఆమె అన్నంలోకి మారు పప్పు అడిగి వేయించుకుంది.

శనివారం మురళీకృష్ణ సార్ వచ్చారు. ముందు మరియ పాఠం. ఆమె తెలివిగా జబ్బుల జోలికి పోలేదు. సిట్ డౌన్, ఓపెన్ యువర్ మౌత్, టర్న్ దిస్ సైడ్ అని చెప్పించింది. ఆడవాళ్లు అన్నారు. సార్ తలూపుతూ మధ్యమధ్యలో ఫోన్ చూసుకున్నారు.

తర్వాత ఆరాధన కుర్చీ వేసింది. బతుకమ్మ అలవాటుగా వచ్చి చీటీ తీసింది. చదివింది. మడిచి మళ్లీ చీటీల డబ్బాలో వేసింది.

“నాకు రాదు టీచరమ్మా.”

“ఎందుకు రాదు? మొన్న మీరే కదా అందరికంటే బాగా చెప్పారు! తిరుమలా, నువ్వు రా.”

“నేనాడ,” అంది తిరుమల. గొంతు బాగాలేదని సాకు చెబుదామన్నా, అదీ జబ్బే అయిపాయె. అందుకని ఊరికే తల దించుకుంది.

ఒకరి తర్వాత ఒకరు చీటీ ముట్టుకుని చేయి వెనక్కి లాగేసుకున్నారు. ఇదీ సంగతని సార్‌కు చెబుదామన్నా, చెప్పాలంటే జబ్బు మాటే ఎత్తాలి. హాల్లో మళ్లీ మరియ క్లాసు నాటి నిశ్శబ్దం వచ్చింది. ఆరాధన ముఖం పాలిపోయింది. ఆ ముఖాన్ని మరియ తనివితీరా చూసింది.

సార్ లేచారు. “ఏమ్మా, జబ్బుల పేర్లే పలకలేనోళ్లను హాస్పిటల్‌కు ఎట్ల పంపేది? ఈ బ్యాచ్‌ను ఈసారికి ఆపుదాం.”

బతుకమ్మ తల తిప్పింది. ఆరాధన వైపు కాదు, మరియ వైపు. ఆ చూపులో కోపం లేదు. బాయి మనిషి బిడ్డవు, నీకు తెలుసు కదా, ఇంకా ఎందుకు చెప్పవు అన్నట్టు చూసి, అలాగే చూస్తూ ఉండిపోయింది.

మరియ బోర్డు దగ్గరే నిలబడి చూపు తప్పించాలనుకుంది. కుదరలేదు. ఆగిపోతే ఆరాధన ఒక్కతే ఆగిపోతుందనుకుంది తను. హైదరాబాదులో పని దొరికితే కూతురిని చదివించుకుంటానని ఏడాదిగా చెబుతున్న బతుకమ్మ కూడా ఆగిపోతుందని లెక్కలోకే తీసుకోలేదు.

“సార్, ఒక్క నిమిషం కూసోండి,” అంటూ వెళ్లి పేషెంట్ కుర్చీలో కూర్చుంది. “ఆరాధనా, చీటీలన్నీ ఇటియ్యి. మా నాయిన ఇంట్లనే ఉన్నడు. నా నోటికి అడ్డం లేదు.”

ఆడవాళ్ల ముఖాలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. జబ్బు పేరు తాము ఎత్తనక్కరలేదు, అడిగితే చాలు.

“వాట్ ఈజ్ ద ప్రాబ్లమ్?” ముందుగా బతుకమ్మే అందుకుంది.

“నో పెయిన్. వెరీ థర్స్టీ.”

“యూరిన్?”

“మెనీ టైమ్స్.”

“స్వీట్ ఈటింగ్?”

“ఎవ్రీ డే,” అంది మరియ. నోరు ఆగలేదు. “ఇప్పపువ్వు లడ్డూ.”

“అబద్ధం!” అని అరిచింది తిరుమల. “యూ నో లడ్డూ! చిన్న టీచర్ లడ్డూ!”

హాలు గొల్లుమంది. సార్ కూడా నవ్వారు. మరియ చెవుల దాకా ఎర్రబడింది. తన మంట వీళ్లందరికీ ఎప్పటినుంచో కనబడుతూనే ఉందన్నమాట.

“నో స్వీట్! బ్లడ్ టెస్ట్! మార్నింగ్ వాకింగ్!” అంటూ ఆడవాళ్లు మందు చెప్పేశారు. పేరు ఒక్కటే మిగిలింది. దాన్ని మరియే పలికింది.

“ఐ హావ్ డయాబెటిస్.”

ఆ పూట ఆమెకు రాని జబ్బు లేదు. దగ్గింది, కుంటింది, ఒక చేయి పడిపోయినట్టు వేలాడేసింది. పోటీ పిల్ల కనిపెట్టిన ఆటలో, పోటీ పిల్ల వేసిన కుర్చీలో, జబ్బు తర్వాత జబ్బు తన పేరున రాసుకుంది. ఆడవాళ్లు చుట్టూ మూగి, బిగ్గరగా, తప్పో ఒప్పో ఇంగ్లిష్‌లో అడుగుతూనే ఉన్నారు.

సార్‌కు భలే నచ్చింది. “హాస్పిటల్ల కావాల్సింది ఈ అడుగుడే. ఈ బ్యాచ్ పనికి పోతది. ఆరాధనా, ఈ సెంటర్ ఇగ నీదే. ఆట బ్రహ్మాండం.”

“సార్, ఇవాళ ఆటను నిలబెట్టింది మరియక్క,” అంది ఆరాధన వెంటనే.

“అవ్ అవ్, పేషెంట్ మేడం మంచిగ చేసింది. ఆదివారాలు నీకు సాయంగ ఉంటది.”

పేషెంట్ మేడం. మరియ చీటీలు ఏరుతూ ఆ మాటను మింగింది. ఉద్యోగం పోతే పోయింది. నిజం చెప్పే సుఖం కూడా ఆ పిల్లకే దక్కింది.

సార్ వెళ్లాక అందరూ సద్దులు విప్పుకు తిన్నారు. మధ్యాహ్నం ఫస్ట్ షిఫ్ట్ ముగిసిన సైరన్ మోగింది. కాసేపటికి హాల్లో ఫోన్లు ఒకటొకటే మోగడం మొదలైంది.

“పైకొచ్చినవా? ఆఁ... కాళ్లు కడుక్కోని తిను,” అని ఫోన్ పెట్టేసి, తిరుమల బెంచీ ఎక్కింది. “షుగరు! టీబీ! జాండీస్! పెరాలసిస్!”

మిగతావాళ్లు కూడా గొంతు కలిపారు. ఇంత సంబరంగా రోగాల పేర్లు చదివే జనాన్ని ఆరాధన ఎక్కడా చూసి ఉండదు. నోరు తెరుచుకుని నిలబడిపోయింది. బతుకమ్మే నవ్వుతూ ఆమెకు సంగతంతా చెప్పింది.

అందరూ ఇళ్లకు పోయాక ఆరాధన అడిగింది.

“గురువారం నేను అడిగినప్పుడు నీకిది తెలుసా, అక్కా?”

“తెలుసు.”

ఆరాధన చీటీల డబ్బాకు మూత పెట్టింది. తిట్టినా బాగుండేదని మరియకు అనిపించింది.

“వచ్చే వారం అడవి ఊళ్ల నుంచి కొత్త బ్యాచ్ వస్తుందంట,” అంది చివరికి. “అక్కడ కూడా ఇలాంటి పట్టింపులు ఉంటాయా?”

“ఉంటయి.”

“నాకు చెప్తావా?”

ఇంటికి పోగానే నాయిన గుమ్మంలోనే “ఏమైంది బిడ్డా” అంటాడు. ఆయనకు ఏమని చెప్పాలో మరియకు ఇంకా తెలియదు. మంట తగ్గలేదు, తగ్గేలా కూడా లేదు. అయినా హాలు మధ్యలో ఒంటరిగా మిగిలిన కుర్చీని ఆరాధన వైపు జరిపింది.

“కూసో,” అంది. “చెప్త.”