పల్లు దగ్గర ఆగిన మౌస్

పాత డిజైన్ తెరవాలి. తడిసి పాడైన పల్లు కార్డులు రెండు వందలు మళ్లీ కొట్టాలి. వరుసగా కుట్టాలి. మగ్గం మీదికి ఎక్కించాలి. చీకటి పడేలోగా ఓబులేసు నేత మొదలుపెట్టాలి. ఎల్లుండి అతని చెల్లెలు రాజేశ్వరి పెళ్లి. ఆమె కట్టుకోవలసిన చీర పల్లు దగ్గర ఆగిపోయింది.

ఇవన్నీ ఆ మధ్యాహ్నం నా నెత్తిన పడ్డాయి. నేను ఒక మౌస్‌ని. ఎక్కడ పుట్టానో నా పొట్ట కింద రాసి ఉండేది. బల్లల రాపిడికి చెరిగిపోయింది. మొదట ఇంటర్నెట్ సెంటర్‌లో పనిచేశాను. ఫలితాలొచ్చిన రోజు పాసైనవాడు తన తెలివిని మెచ్చుకునేవాడు, ఫెయిలైనవాడు నన్ను బల్లకేసి కొట్టేవాడు. అది మూతపడ్డాక ధర్మవరంలో చౌడేశ్వరి చేతికి వచ్చాను. ఆమె బీకాం చదివి, మగ్గాలవాళ్లకు కార్డులు కొట్టిచ్చే దుకాణం నడుపుతోంది. కార్డుల్లోని రంధ్రాలే ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్తాయి.

ఈ పల్లు డిజైన్ గీసిన ఖాదర్‌వలి మేస్త్రి పోయి నాలుగేళ్లు. ఆయన గీసిన డిజైన్లు పాతికేళ్లనాటి సిస్టమ్‌లో తప్ప తెరుచుకోవు. ఆ కంప్యూటర్ కాలిపోయాక, చౌడేశ్వరి దాని డిస్కును కొత్తదాంట్లోకి ఎక్కించింది. కొత్త తెర మీద ఒక కిటికీ. అందులో పాత కంప్యూటరే నడుస్తున్నట్టు ఉంటుంది. ఆ రోజు కిటికీ తెరుచుకుంది గానీ నన్ను ఏ కొంచెం జరిపినా లోపలి బాణం ఎగిరి మూలకు అతుక్కుంటోంది.

"ఎలకదే దోషం పాపా, మార్చు," అన్నాడు ఓబులేసు.

ఆయుధపూజ కుంకుమ లోపలికి పోయిందేమోనని ఆమె నన్ను తుడిచింది. పక్క దుకాణం నుంచి ఇంకో మౌస్ తెచ్చింది. అదీ అంతే. నా పరువు కొంత నిలబడింది.

"మూడు గంటలయ్యె. పల్లు లేని చీరతో పీటల మీద కూచుంటాదా మా రాజేశ్వరి? చీరను మగ్గం మీంచి అట్లే కోసేయమంటావా?"

"ఉండన్నా. బాణం ఎక్కడుండాల్నో దానికి సరిగ్గానే చెప్తాండా. అదే మూలకు పరిగెత్తుతాది."

"ఎక్కడో చెప్తే దానికేం తెలుస్తాది? చీర ఎందాక వచ్చిందో మా మగ్గానికి తెలుసా ఏమన్నా? కార్డు ఒకటి జరిగితే ఒక పోగు నేస్తాది. అంతే దానికి తెలిసింది."

చౌడేశ్వరి చెయ్యి నా మీద ఆగిపోయింది. కొత్త కంప్యూటర్ బాణం 'ఫలానా చోట ఉంది' అని పంపుతోంది. పాతదానికి 'ఇంత జరిగింది' అన్న మాటే తెలుసు. చోటును కదలిక అనుకుని బెదిరిపోతోంది.

సెట్టింగ్ మార్చాలంటే పాత సిస్టమ్‌ను పూర్తిగా ఆపాలి. ఆపితే మళ్లీ లేస్తుందో లేదో. ఆపేసింది. పాయింటింగ్ డివైస్ అన్నచోట, చోటు చెప్పే 'టాబ్లెట్' అన్న మాట తీసేసి, కదలిక చెప్పే పాతకాలపు 'పీఎస్ టూ మౌస్' ఎంచుకుంది. మళ్లీ నడిపించగానే తెర నల్లబడింది. ఓబులేసు తువ్వాలు మెలిపెడుతున్నాడు. చాలాసేపటికి కిటికీ వెలిగింది. లోపల ఒకసారి నొక్కగానే బయటి బాణం మాయమైంది.

"అదీ పాయనా?"

"లోపలికి పోయిందన్నా. కుడిపక్క కంట్రోల్ నొక్కితే బయటికొస్తాది."

నేను కదిలాను. లోపలి బాణం నాతోపాటే కదిలింది. డిజైన్ తెరుచుకుంది. అన్నీ చిలకలు. ఒక్కటి మాత్రం వెనక్కి తిరిగి చూస్తోంది.

"మేస్త్రి అట్లనే గీస్తాండె," అంది చౌడేశ్వరి. "సరిచేయమంటే, దానికి ఎవరో గుర్తొచ్చినారులేమ్మా అనేవాడు."

ఆరు కాకముందే, కొట్టి వరుసగా కుట్టిన కార్డుల మోపు ఓబులేసు భుజమెక్కింది. నా వైపు చూడనైనా లేదు. పోనీలెండి, తొందరలో ఉన్నాడు.

చీర మీద నేసినవాడి పేరే ఉండదు, గీసినవాడిది అసలే ఉండదు. మీ ఇంట్లో ధర్మవరం పట్టుచీర ఉంటే పల్లు విప్పి చూడండి. చిలకల్లో ఒకటి వెనక్కి తిరిగి ఉంటే, ఖాదర్‌వలి మేస్త్రిని ఒక్కసారి తలచుకోండి.