కుడిచేతి పక్క కొండ

"నా పాత వేష్టి ఏడ పెట్టినారు?" అంటూ మా మామగారు గోపాలకృష్ణన్ పొద్దున్నే ఇల్లంతా వెతికారు.

"చింపినాను మామా. రాగిరేకు మీద ఇంకు తుడిచేదానికి అట్లా నలిగిన గుడ్డే కావాల."

"నేను కట్టుకునేది ఇంకు గుడ్డ అయిందా?"

"నడుము కాడ ఇంత బొక్క. దాన్ని కట్టుకుని వీధిలోకి పోతారా?" అని వంటింట్లో నుంచి అత్త కనకవల్లి అనేసరికి, ఆయన మూతి ముడుచుకుని కుర్చీలో కూర్చున్నారు.

మోకాలి ఆపరేషన్ తరువాత ఆయనకు ఈ ఇల్లూ ఆ కుర్చీయే లోకం. పుట్టింది బి. మల్లాపురంలో. ధర్మపురిలో పాత్రల అంగడి పెట్టాక కూడా తరచూ పోయి వచ్చేవారు. అందుకే చెన్నైలో పెట్టే అచ్చుబొమ్మల ప్రదర్శనకు ఆ ఊరి బొమ్మే ఎంచుకున్నాను. చెన్నైవాళ్ల కంటే ముందు ఆయన చూసి, ఇది మా ఊరు అనాలి.

మల్లాపురంలో మా చెరకు తోట గట్టున కూర్చుని, మైనం పూసిన రాగిరేకు మీద సూదితో కొండను గీసుకొచ్చాను. రేకును ఆసిడ్‌లో ఉంచితే, మైనం పోయిన గీతల్లో మాత్రమే రాగి కరిగి గాట్లు పడతాయి. వాటిలోకి ఇంకు రుద్ది, పైన తుడిచి, తడి కాగితం పరిచి, లేత్ వర్క్‌షాపులో చేయించుకున్న చిన్న అచ్చు మరలో నొక్కాను. తొలి అచ్చులోనే చెరకు ఆకుల అంచులు కూడా తేలాయి. తీసుకెళ్లి మామగారి ఒళ్లో పెట్టాను.

చాలాసేపు చూశారు. "బాగుందమ్మా. ఏ ఊరు?"

"మన మల్లాపురమే మామా."

"మన తోట కాడ నిలబడితే కొండ కుడిచేతి పక్క గదా! ఇది ఎడంపక్క ఉండాదే."

అచ్చులో కుడి ఎడమవుతుందని నాకు తెలియక కాదు. ఎటున్నా కొండే కదా అనుకున్నాను. అత్త కాగితం అందుకుని బీరువా అద్దానికి ఎదురుగా పట్టుకుంది. మామగారు ముందుకు వంగారు.

"ఆ! ఇప్పుడు మన ఊరు. అదో, రాజమాణిక్కం బావికి పోయే దారి!"

రాత్రి ఇడ్లీలు తింటూ మా ఆయన ప్రశాంత్‌కుమార్ అన్నాడు, "అట్టపెట్టె తెచ్చినాను. రేపు పంపకపోతే గడువు దాటిపోతాది."

"ఈ ఏడు పంపను. అద్దంలో చూసి తిరగేసి గీస్తాను, ఇంకో రేకు మీద."

"చెన్నైలో ఎవరికి తెలుస్తాది షర్మిళా?"

"మామకు తెలిసిపోయిందే," అని ఆయన వైపు తిరిగాను. "ఆదివారం మల్లాపురం పోతాము మామా. మీరు పక్కన కూర్చుని చెప్పాల."

మామగారు కొడుకుతో అన్నారు: "కారులో ముందు సీటు వెనక్కి తోసిపెట్టు రా. నేను కాలు చాపుకోవాల."