స్టాంపు పడేదాకా

భానుమతికి ఒక గట్టి నమ్మకం ఉంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు పడేదాకా ఫలానా దేశం వెళుతున్నామని కన్నతల్లికి కూడా చెప్పకూడదు. చెబితే ఎవరో ఒకరి దిష్టి తగులుతుంది, పని చెడుతుంది. సింగపూర్ వచ్చి ఏళ్ళు గడిచినా, మొగుడు మల్లికార్జునరావు జురాంగ్ ఐలాండ్‌లోని కెమికల్ ప్లాంటులో పెద్ద ఇంజనీరైనా, ఈ నమ్మకం మాత్రం పిసరంత కూడా సడలలేదు.

కూతురు ఆమనికి ఇక్కడి యూనివర్సిటీల్లో సీటు రాలేదు. ఇరవై ఒకటి నిండితే తండ్రి ఉద్యోగపు పాస్ మీద ఈ దేశంలో ఉండే వీలు కూడా పోతుంది. మిగిలిన దారి కెనడా. అక్కడేమో ఏటా ఇంతమంది విద్యార్థులకే అనుమతి అని కోత పెట్టారు. కాలేజీకి ఇన్నే సీట్లు. అందుకని భానుమతి చక్రధర్ అనే కన్సల్టెంటును పట్టుకుని మూడో కంటికి తెలియకుండా కాగితాలు పెట్టించింది.

పై అంతస్తులో ఉండే సలీమాదీ ఇదే బాధ. వాళ్ళు హైదరాబాదువాళ్ళు. ఆవిడ భర్త సాదత్, మల్లికార్జునరావు ఒకే ప్లాంటులో పనిచేస్తారు. కొడుకు ఫహద్, ఆమని ఒకే పాలిటెక్నిక్‌లో చదివారు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆమని సలీమా ఒళ్ళో కూర్చుంటే తప్ప మందు మింగేది కాదు. ఆ సలీమా ఒకరోజు క్లెమెంటి మార్కెట్లో బెండకాయలు ఏరుతూ, పిల్లను ఎక్కడికి పంపుతున్నారని అడిగింది. ఫహద్‌ను కెనడా పంపుదామనుకుంటున్నామని తన సంగతీ దాచకుండా చెప్పింది.

భానుమతి తడుముకోకుండా ఆస్ట్రేలియా అంది. కెనడాలో సీట్లన్నీ అయిపోయాయనీ, ఇప్పుడు పెట్టినా దండగేననీ కూడా అంది. ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకున్నాను తప్ప ఆ కుర్రాడికి చెడు తలపెట్టలేదు కదా అని దారిలో తనకు తానే సర్దిచెప్పుకుంది. తప్పించుకోవడానికి ఆస్ట్రేలియా అంటే సరిపోయేది. సీట్లు అయిపోయాయని ఎందుకు అన్నట్టు? ఆ సంగతి ఆవిడ ఆలోచించలేదు. తనకు పనికిరాని ఆలోచనలు చేయకపోవడంలో భానుమతి దిట్ట.

సలీమా ఆ మాట నమ్మి, కెనడా మాన్పించి, కొడుకు చేత ఆస్ట్రేలియాకి పెట్టించింది. ఆమని పక్కనుంటే మనవాడికి కొండంత ధైర్యం అని సాదత్‌కి నచ్చజెప్పింది. కొన్నాళ్ళకి అక్కడినుంచి కబురొచ్చింది. కోటా నిండిపోయింది, ఈ ఏడాదికి లేదు. ఊహ తెలిసినప్పటినుంచీ సింగపూర్లోనే పెరిగిన ఫహద్ ఇప్పుడు హైదరాబాదులో పెద్దనాన్న ఇంట్లో ఉండి ఏదో ఒక కాలేజీ వెతుక్కోవాలి.

ఆ సాయంత్రం సలీమా కిందికి దిగి వచ్చింది. తన గోడు చెప్పుకోవడానికి కాదు, భానుమతిని ఓదార్చడానికి. ఆమనికీ ఇలాగే వచ్చిందేమోనని ఆవిడ భయం. మాకింకా ఏ కబురూ రాలేదని భానుమతి టీ ఇచ్చి పంపింది.

మర్నాడు చక్రధర్ ఫోన్ చేశాడు. ఆమనికి అనుమతి వచ్చింది, ఇక పాస్‌పోర్టు స్టాంపుకి పంపడమే తరువాయి. ఇంకో మాట కూడా చెప్పాడు. కోత పెట్టారని జనం బెదిరిపోయి దరఖాస్తులే పెట్టలేదట. ఆమని చేరబోయే కాలేజీలో సీట్లు మిగిలాయట. తెలిసినవాళ్ళుంటే శుక్రవారంలోగా పంపమన్నాడు.

పక్కనే కూర్చుని విన్న ఆమని గబుక్కున లేచింది. "ఫహద్‌కి చెప్పేస్తా మా. ఇంకా టైముంది లా," అంది సింగపూర్ యాసలో.

"కూర్చో," అంది భానుమతి. "స్టాంపు పడనీ. పడగానే నేనే వెళ్ళి చెబుతా."

"శుక్రవారం దాటాక చెప్పి ఏం యూజ్?"

"వాడి చదువు ముఖ్యమా, నీ చదువా? చెప్పావంటే నా మీద ఒట్టే."

ఆమని చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది. చెప్పలేదు. తల్లి ఒట్టు పెట్టిందని కాదు. ఒకవేళ అమ్మ అన్నదే నిజమై స్టాంపు ఆగిపోతే అన్న భయం ఆ పిల్లకీ పట్టుకుంది.

శుక్రవారం వెళ్ళిపోయింది. ఆ తర్వాతి వారం పాస్‌పోర్టు వచ్చింది. భానుమతి మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని, అన్న మాట ప్రకారం అందరికంటే ముందు పై అంతస్తుకే వెళ్ళింది. హాల్లో ఫహద్ సూట్‌కేసు సర్దుకుంటున్నాడు.

ఆమనికి కెనడా వచ్చిందని చెప్పగానే సలీమా ముఖం నిజంగానే వెలిగింది. డబ్బా రెండు చేతులతో అందుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "కెనడాల సీట్లు అయిపోయినయ్ అన్నరు కదా అక్కా?"

"ఇప్పుడైతే అయిపోయాయి," అంది భానుమతి.

ఫహద్ సర్దడం ఆపి తలెత్తి చూశాడు. సలీమా డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

"పొద్దుగాల నమాజుల గూడ దువా చేసిన," అంది. "రోజూ ముందు ఆమని పేరే చెప్త. ఆడపిల్ల, ఒక్కతే పోవాలె కదా అని." ఆవిడ కళ్ళు నిండాయి. "మంచిగుండనీ అక్కా."

భానుమతికి సిగ్గేసింది. నిజంగానే వేసింది, లిఫ్టు దిగేదాకా. ఇంటి తలుపు తీసేసరికి అది భయంగా మారింది. తన పిల్ల పేరు తలుచుకుంటూ ఒక తల్లి కంట తడి పెట్టింది, అదీ ప్రయాణం ముందు. భానుమతి వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు తెచ్చింది.

"తూర్పుకి తిరిగి కూర్చో," అంది కూతురితో.

"ఎవరి దిష్టి మా?" అని అడిగింది ఆమని.

భానుమతి ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో బిగించింది. ఆమని ఒక్క క్షణం వీధి తలుపు వైపు చూసింది. తర్వాత తూర్పుకి తిరిగి కూర్చుంది.