చెవి దిబ్బడ

"విమానం ఎక్కిస్తున్నాను, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు మా ఆయన. అప్పుడు నేను ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. నిజానికి నేనేమీ అడగలేదు. తుమ్మానంతే. అంతకుముందు నుంచే ముక్కు కారుతోంది, చెవుల్లో పోటుగా ఉంది. "జలుబుగా ఉందండీ, చెవులు లాగుతున్నాయి" అన్నాను. "విమానానికి నీ జలుబుతో పనేంటి? అది నీ ముక్కుతో ఎగరదు కదా" అని తన హాస్యానికి తనే నవ్వుకుని, నీలం చొక్కా కాలరు సరిగ్గా మడవలేదని చూపించి వెళ్ళిపోయాడు.

మా అత్తగారు వేరే ఊళ్ళో బావగారింట్లో ఉంటుంది. స్నానాల గదిలో జారిపడి కాలు విరిగింది, ఆపరేషన్ చేశారు. ఆవిడను లేపీ కూర్చోబెట్టీ మా తోడికోడలికి నడుము పట్టేసింది. రైల్లో అయితే ఎప్పటికి చేరతారు, విమానంలో వచ్చేయండని బావగారు ఫోన్ చేశారు. పెళ్ళై ఇన్నేళ్ళలో నన్ను విమానం ఎక్కించాలని ఎవరికీ తోచలేదు. మా ఆయన మాత్రం ఆఫీసు పని మీద ఎక్కుతూనే ఉన్నాడు, తిరిగొచ్చి మేఘాల మీద ఉపన్యాసాలు ఇస్తూనే ఉన్నాడు. ఇప్పుడు అక్కడ అంట్లూ పక్కబట్టలూ పేరుకుపోయేసరికి నేను గాల్లో పంపించాల్సినంత అత్యవసర వస్తువునైపోయాను.

నా ఉద్యోగం వినడం. కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల విభాగం. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళో వాళ్ళ తిట్లు వింటాను. ఎక్కడ ట్రాన్స్‌ఫార్మర్ పేలినా నేనే అగ్గిపుల్ల గీసినట్టు మాట్లాడతారు. అయినా ఆ పని నాకు ఇష్టం. తిట్టే మనిషి ఎందుకు తిడుతున్నాడో పట్టుకుని, చల్లబరిచి, లైన్‌మన్‌ని పంపించి, కరెంటు వచ్చాక ఫోన్ చేసి కనుక్కుంటాను. అందుకే కాబోలు, వచ్చే సోమవారం నుంచి ఆ విభాగానికి నన్నే పెద్దగా వేస్తున్నారు. ఈ మాట ఇంట్లో చెబితే "తిట్లు తినే ఉద్యోగంలో ప్రమోషనేంటి? ఇకమీదట పెద్ద తిట్లు తింటావా?" అన్నాడు మా ఆయన. నాకు దక్కిన అభినందన అదే. "ఆదివారానికల్లా తిరిగొచ్చేస్తాం కదా?" అని అడిగాను. "ఆఁ ఆఁ" అన్నాడు. ఒక్క 'ఆఁ' అంటే ఔనని, రెండు 'ఆఁ'లంటే నన్ను విసిగించకని. తెలిసి కూడా ఔననే అనుకున్నాను.

మొదటిసారి విమానం ఎక్కినప్పుడు ఎలా ఉందని ఎవరైనా అడిగితే "చెవులు దిబ్బళ్ళు పడ్డాయి" అంటాను. అందరూ నవ్వుతారు. కానీ ముందు జరిగింది అది కాదు. కిటికీ పక్క సీటు నాది. టికెట్టు మీద అక్షరాన్ని సీటు పైనున్న గుర్తుతో సరిచూసుకుని మరీ నిలబడ్డాను. "నువ్విటు కూర్చో, కిందికి చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయి" అని ఆయన లోపలికి జరిగి కూర్చుని పేపరు విప్పాడు. పేపరుకీ ఆయన భుజానికీ మధ్య జానెడు సందు ఉంది. నేను చూసిన ఆకాశమంతా ఆ సందులోంచే. విమానం పరుగు తీసి తీసి, ఉన్నట్టుండి కాళ్ళ కింద చక్రాల మోత ఆగిపోయింది. భయం వేస్తుందని అందరూ చెప్పారు. నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. ఒంటరిగా ఉండి ఉంటే పైకే నవ్వేదాన్ని. డాబాల మీద ఆరేసిన బట్టలు కనిపించాయి. ఎవరో ఉతికి, పిండి, దులిపి ఆరేసిన బట్టలు. చూస్తుండగానే అవి చిన్నవైపోయి, ఇక కనిపించలేదు. ఉతికిన బట్టలు కూడా కనపడనంత ఎత్తు ఒకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత ఒకమ్మాయి బండి తోసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగి, "ఏం తీసుకుంటారు మేడమ్, టీనా కాఫీనా?" అని అడిగింది. "ఆవిడకి టీ" అన్నాడు మా ఆయన పేపరు వెనక నుంచి. ఇంట్లో టీయే తాగుతాను. ఎందుకంటే పొద్దున్నే ఆయనకు టీ పెడతాను కాబట్టి, నా ఒక్కదాని కోసం మళ్ళీ గిన్నె ఎక్కడ పెట్టను? "కాఫీ" అన్నాను. ఆ అమ్మాయి నా వంకే చూసి నాకు కాఫీ ఇచ్చింది. కూర్చున్న చోటికి ఎవరో కాఫీ తెచ్చివ్వడం, ఇంకేమైనా కావాలా అని అడగడం... చాలన్నట్టు తల ఊపాను. తాగడం అయ్యాక అలవాటు ఊరుకోనిస్తుందా? మా వరుసలో ఖాళీ కప్పులన్నీ ఒకదాంట్లో ఒకటి దోపి, ముందున్న బల్ల కూడా నా రుమాలుతో తుడిచేసి, వెనక్కి పట్టుకెళ్ళబోయాను. మా ఆయన సిగ్గుతో చచ్చిపోయినంత పని చేశాడు. ఆ అమ్మాయి మాత్రం నవ్వి, కప్పులు అందుకుని, "మీరు కూర్చోండి మేడమ్, ఇది నా పని" అంది. ఒక పని తనదేనని చెప్పి నన్ను కూర్చోమన్న మనిషిని అంతవరకూ నేను చూడలేదు. తిరిగి వచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

దిగేటప్పుడు మొదలైంది. రెండు చెవుల్లోనూ ఎవరో బొటనవేళ్ళు పెట్టి అదుముతున్నట్టు నొప్పి. మింగినా ఆవలించినా పోలేదు. నేల తాకేసరికి నొప్పి తగ్గింది, దాంతో పాటు లోకం చప్పుడు కూడా పోయింది. మా ఆయన నోరు కదులుతోంది, విసుగు కనపడుతోంది, మాట మాత్రం లేదు. బావగారింటి దగ్గరి డాక్టరు చెవుల్లోకి లైటు వేసి చూసి, కంగారు పడక్కర్లేదు, జలుబు తగ్గితే వాటంతట అవే తెరుచుకుంటాయని మా ఆయనకు చెప్పాడట. ఆయన అది నాకు చెప్పలేదు. మా తోడికోడలు రెండు చేతులూ పువ్వులా విప్పి చూపిస్తే అర్థమైంది.

నేను చేసే పనుల్లో సగం నిజానికి పనులు కావని, ఉత్త కేకలని అప్పుడే తెలిసింది. తువ్వాలు ఎక్కడని అడగాలంటే మా ఆయన మంచం దిగి, వంటింటి దాకా నడిచి, నా ఎదురుగా నిలబడి, ఒళ్ళు తుడుచుకుంటున్నట్టు అభినయించాలి. అంత నాట్యం చేసే కన్నా బీరువా తెరవడం తేలిక. తెరిచాడు. తువ్వాలు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. బావగారు తన కళ్ళజోడు తనే వెతుక్కున్నారు. ఇద్దరు మగవాళ్ళూ మంచినీళ్ళ కుండ ఏ మూల ఉందో కనిపెట్టారు. అత్తగారి పని మాత్రం నేను వదల్లేదు. ఆవిడ నొప్పి ముఖంలోనే కనపడుతుంది, దానికి చెవులతో పనిలేదు. అయినా ఒళ్ళు అలిసిపోలేదు. అలిసేది పనికి కాదని, పని మధ్యలో పడే కేకలకని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఒక పొద్దున దుప్పటి పిండుతూ గట్టిగా ఆవలించాను. లోపల టప్పుమంది. ముందు కుళాయి చుక్కల చప్పుడు, ఆ వెంటనే కాకి అరుపు. ప్రాణం లేచొచ్చింది. తడి చేతులతోనే చెబుదామని హాలు గుమ్మం దాకా పరిగెత్తాను. లోపల మా ఆయన అంటున్నాడు, "మా చెవిటి మేళం టీ పెట్టిందో లేదో! ఇదివరకు చెప్పింది బుర్రకెక్కేది కాదు, ఇప్పుడు డాక్టరు సాక్ష్యం కూడా దొరికింది." బావగారు పెద్దగా నవ్వారు. నేను వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి దుప్పటి ఆరేశాను.

వినపడనట్టు ఉండడం కష్టమనుకుంటారు గానీ కోడళ్ళకు అదెంత పని! ఈ చెవితో విని ఆ చెవితో వదిలెయ్యమని చెప్పే కదా మా అమ్మ నన్ను కాపురానికి పంపింది. మనుషులు నా ముందు బీరువా ముందు మాట్లాడినట్టు మాట్లాడారు. అన్నీ చెడ్డ మాటలే అంటే అబద్ధం. అత్తగారి అరికాళ్ళు వత్తుతుంటే ఆవిడ కళ్ళు మూసుకుని, "దీని చేతులు ఎంత మెత్తనో. ఇన్నేళ్ళలో ఒక్క మంచి మాట అనలేదు దీన్ని. అంటే నెత్తికెక్కుతుందని భయం" అని తనలో తను అనుకుంది. వినపడని మనిషికి ఏడుపు రాకూడదు కదా, అందుకని తుమ్ము తెచ్చుకున్నాను.

నన్ను పట్టుకున్నది మా తోడికోడలు. వంటింట్లో చాప మీద వెల్లకిలా పడుకుని ఉందావిడ. నేను అటు తిరిగి కూర తరుగుతున్నాను. వెనక స్టవ్వు మీద పాలు బుస్సుమనగానే చటుక్కున తిరిగి ఆపేశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "పాలు పొంగితే వినపడుతుంది, మనుషులు పిలిస్తే వినపడదన్నమాట" అంది. నేను స్టవ్వు తుడిచాను. "మంచి పని చేశావే అమ్మాయ్. నాకీ తెలివి కాపురానికొచ్చిన కొత్తలో రాలేదు" అని పైకప్పు వంక చూస్తూ నవ్వింది. ఆ సాయంత్రం ఆవిడే టీ కప్పులున్న పళ్ళెం వైపు కళ్ళతో చూపించి, "అన్నదమ్ములిద్దరూ హాల్లో ఏదో తేలుస్తున్నారు. నువ్వు పట్టుకెళ్ళు. తొందరేం లేదు, కప్పులు నెమ్మదిగా పెట్టు" అంది.

నెమ్మదిగానే పెట్టాను. బావగారు తల కూడా తిప్పలేదు. "అమ్మ లేచి తిరగడానికి ఆర్నెల్లు పడుతుందంట్రా. మీ వదిన వల్ల కాదు" అన్నారు.

"ఎందుకన్నయ్యా కంగారు? అందుకేగా తనని తీసుకొచ్చింది. ఆదివారం నేనొక్కణ్ణే వెళ్తాను. తనకి తిరుగు టికెట్టు అసలు తీయలేదు."

"మరి ఉద్యోగం?"

"అదీ ఒక ఉద్యోగమా, ఫోను ఎత్తడం! చెవులు పోయాయి, ఇక రాదని నేనే వాళ్ళ ఆఫీసుకి చెప్పేస్తాను. చెవులు లేనిదాన్ని ఫోను దగ్గర ఎవరు కూర్చోబెడతారు?"

"ఒప్పుకుంటుందంటావా?"

"నా మాట వింటుందన్నయ్యా. పెళ్ళైన దగ్గర్నుంచీ ఎప్పుడు వినలేదు గనక?"

ఆయన ముందు కప్పు పెట్టి, పిడి కుడిచేతి వైపు తిప్పి మరీ వచ్చాను. ఆ క్షణంలో నాకెంత కోపం వచ్చిందంటే చెవులు మళ్ళీ మూసుకుపోతాయేమో అనిపించింది. ప్రమోషను గురించి ఎగతాళి చేశాడు, సరే. కిటికీ లాక్కున్నాడు, సరే. జానెడు సందులోంచి చూసి అంత సంతోషపడ్డానే, ఆ ప్రయాణం నాకు ఒకవైపుదేనని ఆయనకు అప్పుడే తెలుసు. తెలిసి, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. సరుకు పంపినవాడు సరుకుకి తిరుగు టికెట్టు తీస్తాడా? వంటింట్లో ఖాళీ పళ్ళెం పెట్టి, ఏడుస్తానేమోనని కాసేపు చూశాను. ఏడుపు రాలేదు.

ముందు మా ఆఫీసరమ్మకు ఫోన్ చేశాను. "సోమవారం పొద్దున్నే వచ్చేస్తానండీ. నా చెవులు పోయాయని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి, శుభ్రంగా ఉన్నాయి" అన్నాను. ఆవిడ "నువ్వు చెబితే చాలమ్మా, వేరేవాళ్ళ మాట మాకెందుకు" అంది. తర్వాత ఫోనులోనే ఆదివారానికి విమానం టికెట్టు తీసుకున్నాను. చాప మీంచే తోడికోడలు ఏది నొక్కాలో చెబుతూ వచ్చింది. ఏ సీటు కావాలో ఎంచుకోమని బొమ్మ వచ్చింది. కిటికీ పక్కది నొక్కాను.

"అక్కా, నేను వెళ్ళిపోతే అంతా నీ మీద పడుతుంది" అన్నాను. నాకు నిజంగా బెంగగానే ఉంది.

"నా నడుము పట్టేసింది కదే. అది ఇప్పట్లో వదలదులే" అని కన్ను గీటింది. "వాళ్ళమ్మని వాళ్ళిద్దర్నీ చూసుకోనీ. చేతకాకపోతే నర్సుని పెట్టుకుంటారు."

ఆదివారం పొద్దున అత్తగారికి జడ వేసి, పక్క మార్చి, ఆవిడ చెవి దగ్గరికి వంగి "నేను వెళ్తున్నానత్తయ్యా, ఉద్యోగంలో పెద్దదాన్ని చేశారు" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నా ముఖం కేసి చాలాసేపు చూసింది. "మొన్న నేనన్నది వినేశావటే?" అంది. "విన్నానత్తయ్యా" అన్నాను. ఆవిడకు సిగ్గేసినట్టుంది, ముఖం గోడ వైపు తిప్పుకుంది గానీ చెయ్యి మాత్రం వెంటనే వదల్లేదు.

నేను సంచీ సర్దుతుంటే మా ఆయన గుమ్మంలోకి వచ్చి, రెండు చేతులూ తిప్పి ఎక్కడికని సైగ చేశాడు.

"ఆఫీసుకి. రేపు చేరాలి కదా" అన్నాను.

చేతులు గాల్లోనే ఆగిపోయాయి. "నీకు... వినపడుతోందా?"

"వినపడుతోంది."

"ఎప్పట్నుంచి?"

"నా ఉద్యోగం మీరే మానిపించేటప్పటికి బాగా వినపడింది."

ముఖం ఎర్రబడింది. "మరి అమ్మని ఎవరు చూస్తారు?"

"ఇద్దరు కొడుకులున్నారు. ఏ మందు ఎప్పుడు వేయాలో చెబుతాను, కష్టమేం కాదు. మీ టికెట్టు వెనక్కి ఇచ్చేసి కొన్నాళ్ళు ఉండండి."

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినపడింది. "ఒరేయ్ చిన్నోడా, కాసిని మంచినీళ్ళు పట్రా." ఆయన అలవాటుగా నా వంక చూశాడు. నేను సంచీ జిప్పు లాగాను. వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది.

ఆయన గుమ్మానికి అడ్డంగా ఒక చెయ్యి పెట్టి, గొంతు తగ్గించి, "చూడు, నలుగురిలో నన్ను చిన్నబుచ్చకు. నా మాట విను" అన్నాడు.

"వినపడింది" అని ఆ చెయ్యి మెల్లగా పక్కకు తీశాను. "వినను."