నూరా కొన్న గడ్డలు

రెడ్డెమ్మ రాయచోటి నుంచి జహ్రాలోని కువైటీ ఇంటికి పనికి వచ్చేసరికి నూరా చంటిపిల్ల. ఆ పిల్లకు అన్నం తినిపించింది, జడలు వేసింది, జ్వరమొస్తే పక్కనే పడుకుంది. నూరా పెద్దదై చదువుకోడానికి ఇంగ్లండు వెళ్ళింది. కిందటి సెప్టెంబరులో అక్కడే కారు ప్రమాదంలో చనిపోయింది.

పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు తల్లిని, అంటే రెడ్డెమ్మ అక్కడి వాడుకలో 'అమ్మా' అన్నట్టు మామా అని పిలిచే యజమానురాలిని, కావలించుకుని ఏడ్చారు. రెడ్డెమ్మ వాళ్ళకు కాఫీ అందిస్తూ తిరిగింది. ఆమెను ఎవరూ పలకరించలేదు.

తరువాత నూరా సామాన్లు వచ్చాయి. బట్టల మధ్య ఒక కాగితం సంచి, దాని మీద నీలం పూల బొమ్మ. లోపల చిన్న ఉల్లిగడ్డల్లాంటివి ఉన్నాయి. మామా చూడలేక పారేయమంది. రెడ్డెమ్మకు చేతులు రాలేదు. ఇంటి డ్రైవరు పెంచల్‌కు చూపిస్తే అతను ఫోనులో వెతికాడు.

"సలిదేశం పూలక్కా ఇవి. ఈడ నాటాలంటే ముందు ఫ్రిజ్జులో పెట్టాలంట. సలి తగలకుంటే పూయవంట."

రెడ్డెమ్మ వాటిని వంటింటి ఫ్రిజ్జులో అడుగున దాచి, చలికాలం ముదిరాక పెరట్లో కుండీలో నాటింది. జనవరిలో గడ్డిపోచల్లా మొలకలొచ్చాయి. ఫిబ్రవరిలో, పూసలు గుచ్చినట్టు, నీలం మొగ్గలు.

ఒకరోజు మామా పెరట్లోకి వచ్చి వాటిని చూసింది. ఎక్కడివని అడిగింది. రెడ్డెమ్మ భయపడుతూనే నిజం చెప్పింది. మామా కుండీ ఎత్తుకుని పైకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ పూలు విచ్చడం రెడ్డెమ్మ చూడనేలేదు.

కొన్నాళ్ళకు మామా పిలిచి మంచం మీద తన పక్కన కూర్చోమంది. కిటికీలో పూలు అప్పటికే వాడిపోతున్నాయి.

"చిన్నప్పుడు అది నిన్ను మామా అని పిలిచేది. నాకు కోపం వచ్చేది. గుర్తుందా?" అని అరబ్బీలో అడిగింది.

"గుర్తుంది మామా."

ఆ మాట అన్నాక రెడ్డెమ్మ ఇక ఆపుకోలేకపోయింది. నూరా పోయాక ఆమె ఒకరి ముందు ఏడవడం అదే మొదలు. మామా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఎండలు ముదిరాయి. ఆకులు ఎండిపోయాక తవ్వి చూస్తే గడ్డలు మెత్తబడి కుళ్ళిపోయి ఉన్నాయి. మళ్ళీ తెప్పిస్తానంది మామా.

"వద్దు మామా. అవి నూరా కొన్నవి కావు కదా," అంది రెడ్డెమ్మ.

మామా తల ఊపింది. రెడ్డెమ్మ కుండీలోని మట్టిని నిమ్మచెట్టు మొదట్లో పోసి, చేత్తో మెల్లగా సర్దింది.